మా రాజక్క మడిచిన బీడీ మూతులు

నా రాత వంకర... తప్పులూ ఉంటాయి, ఏమనుకోకండి. ఊరి బడిలో ఏడు దాకే చదివాను. కాగితం మీద రాసిస్తే మనవరాలు ఫోటో తీసి ఇక్కడ పెడుతోంది.

మా చిన్నప్పుడు... సిద్దిపేట పక్కన మా ఊళ్లో తెల్లారితే ప్రతి అరుగు మీదా చాటలే. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. అవ్వ... అంటే మా అమ్మ, బీడీలు చుట్టి దారం కట్టేది. పొగాకు రాలకుండా కొసన ఆకును లోపలికి నొక్కి మూతులు మడిచేది మా రాజక్క. సన్న వేళ్లకే మూతి బాగా కుదురుతుందని ఆ పని అందరిళ్లలో పిల్లలదే.

అక్కకు తొమ్మిదేళ్లు, నాకు ఏడు. నేను బడికి పోయేవాణ్ణి. అక్క పోయేది కాదు.

ఒకరోజు బడి సారు మా వాకిట్లోకి వచ్చి, "పిల్లను బడికి తోలరాదె?" అన్నాడు.

అవ్వ తల ఎత్తలేదు. "తోల్త సారూ. మరి గీ మూతులు నువ్వు మడుస్తవా?"

సారు నవ్వి వెళ్లిపోయాడు. అక్క నవ్వలేదు.

సాయంత్రం నేను పక్కన కూర్చుని పాఠం గట్టిగా చదవాలి... అది అక్క హుకుం. వేళ్లు ఆగేవి కావు, పెదవులు నాతో కదిలేవి. పన్నెండో ఎక్కం నాకంటే ముందే ఆమెకు వచ్చింది. అక్షరాలు మాత్రం రాలేదు... చాట మీది నుంచి చూపు తీస్తే కదా.

మొన్న మా ఊరి బడిలో మీటింగ్ పెట్టారు. కార్మిక శాఖ సారు వచ్చాడు. హోటళ్లవాళ్లను, ఇటుక బట్టీలవాళ్లను పిలిచి పిల్లల పక్కనే కూర్చోబెట్టారు. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోరాదని చట్టం, అదే కాయిదా, ఉందట. బడి అయ్యాక ఇంట్లో చిన్న సాయం చేయవచ్చట.

నాకొకటి అడగాలనిపించింది... అంతలోనే పక్కనున్న అక్క లేచింది.

"సారూ, గడప లోపట చేస్తే గది పని కాదా? నేను బీడీ మూతులు మడిచిన."

"ఇప్పుడు బీడీ పని ఇంట్ల సుత పిల్లలతోని చేయించద్దు పెద్దమ్మా. అప్పట్ల కాయిదా ఇంట్లకు రాలే."

ముందు వరుసలో ఒక పిల్ల వెనక్కి తిరిగి అక్క వేళ్లనే చూసింది.

ఇంటికి వస్తూ అడిగాను. "అక్కా, గీ కాయిదా అప్పుడుంటే అవ్వ నిన్ను తోలుతుండెనా?"



"ఏమో తమ్మీ. గా బడి సారు మల్లొక్కపారి వస్తడేమోనని శాన దినాలు వాకిలి దిక్కే చూసిన."

ఇప్పుడు ఆ అరుగులు లేవు, చాటలు లేవు. ఆడపిల్లలు సైకిళ్ల మీద బడికి పోతుంటే అక్క వాకిట్లో నిలబడి చూస్తుంది...

మీ ఇంట్లోనూ ఇట్లా బడి మొఖం చూడనివాళ్లు ఉన్నారా? వాళ్ల కథ అడిగి తొందరగా జవాబు రాయండి. అక్క ఎదురుచూస్తోంది... చదివి వినిపించేది ఇప్పటికీ నేనే.