సామ్రాజ్యం తీసుకున్న కంటికార్డు

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించే సామ్రాజ్యానికి లోకంలో ఎవరన్నా అసూయ లేదు, ఒక్క తోటికోడలు అన్నమ్మంటే తప్ప. ఆ ఒక్కదాని మీదే ఊరంతటికీ పంచగలిగినంత ఉండేది.

అన్నమ్మకు కళ్ళజోడు ఉంది. అదీ అసలు బాధ. ఆదివారం చర్చిలో ఆమె జోడు సవరించుకుని వాక్యం చదువుతుంటే అత్త వెంకాయమ్మ మురిసిపోయేది. "మా చిన్నకోడలు చదివితే అయ్యగారు చదివినట్టే ఉంటాది" అని పేటంతా చెప్పుకునేది. సామ్రాజ్యం మాత్రం నాలుగో తరగతి చదవలేదా? ఎవరడిగారు! అత్తకు నీళ్ళు తోడేదీ, కాళ్ళు పిసికేదీ ఈవిడ. పేరు మాత్రం ఆ జోడు మహారాణిది. తన ముక్కు మీదా ఒక జోడుంటే అత్త తననూ అట్లాగే చెప్పుకునేదని ఆమె ఏడుపు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏడు ఫ్యాక్టరీ యజమాని ఒక మిషన్ ఆసుపత్రితో ఒప్పందం చేసుకున్నాడు. జీతంలో నెలనెలా కొంత పట్టుకుంటారు. కార్డులో ఇంటి మనుషులు నలుగురి పేర్లు రాయించుకుంటే ఏడాదంతా వైద్యం ఉచితం. అయితే ఒక్కో కాపురానికి కంటికార్డో, పంటికార్డో ఒక్కటే. తీసుకున్నాక ఏడాది తిరిగేదాకా మార్చేది లేదు.

"పంటికార్డే తీసుకుందాం. నెల నుంచి లవంగాలు నములుతా ఉండావు" అన్నాడు మొగుడు దేవదానం.

"పన్నుదేముందిలే. నాకు చూపు ఆనడం లేదు. కంటికార్డు రాయించు."

"నిన్న బియ్యంలో రాళ్ళు ఏరినావు గదా?"

"తడిమి ఏరినా!"

దేవదానం ఫ్యాక్టరీ గుమస్తా దగ్గరికి పోయి కంటికార్డే అడిగాడు. తనదీ, పెళ్ళాందీ, కూతురు పాపమ్మదీ పేర్లు చెప్పాడు. నాలుగోది ఖాళీగా ఎందుకని సామ్రాజ్యమే అత్త పేరు చేర్పించింది. అదే ఫ్యాక్టరీలో పనిచేసే మరిది, అన్నమ్మ మొగుడు విశ్వాసం పంటికార్డు తీసుకున్నాడని తెలిసి, "వాళ్ళకేం, జోడు ఉండనే ఉంది" అని మూతి తిప్పింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అక్షరాల పలక చూపిస్తే పెద్దవి కూడా కనబడటం లేదంది సామ్రాజ్యం. డాక్టరమ్మ ఆమె ముక్కు మీద ఒక జోడు పెట్టింది. అంతే! కింది వరుస దాకా గడగడా చదివేసింది.

"అబ్బ, ఎంత బాగా కనపడతా ఉందమ్మా!"

"అది ఉత్త గాజమ్మా" అంది డాక్టరమ్మ. "నీ కళ్ళు శుభ్రంగా ఉన్నాయి."

వెంట వచ్చిన అత్త కళ్ళు కూడా చూసి, జోడు ఆమెకు రాసిచ్చారు. సామ్రాజ్యానికి తల కొట్టేసినట్టయింది.

పదిరోజులకు జోడు వచ్చింది. వెంకాయమ్మ పెట్టుకుని పెద్దకోడలి ముఖం వంక చాలాసేపు చూసింది.

"ఏందమ్మే, దవడ ఇట్ల వాచింది? ఎన్నాళ్ళయింది?"

"నెల దాటింది అత్తా."

"ఇంత నొప్పి పెట్టుకొని నాకోసం కంటికార్డు తీసినావా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. సామ్రాజ్యం మింగేసింది. "మరేం చేసేది అత్తా" అంది.

ఆ సాయంత్రం వెంకాయమ్మ గడప గడపకూ తిరిగి పెద్దకోడలి గొప్ప చెప్పింది. పన్నెండేళ్ళ కాపురంలో మొదటిసారి! సామ్రాజ్యానికి పన్ను నొప్పి కూడా తగ్గినట్టనిపించింది. అన్నమ్మ చెవిన పడితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకుంది.

పడింది. పొద్దు గుంకకముందే అన్నమ్మ తమ పంటికార్డు పట్టుకుని వచ్చింది.

"అక్కా, దీంట్లో నీ పేరు ముందే రాయించినా. నువ్వు లవంగాలు నమలడం చూస్తానే ఉన్నా గదా. మాది ముగ్గురే. అడిగితే వద్దంటావని చెప్పలేదు."

వెంకాయమ్మ కార్డు అందుకుని, కొత్త జోడులోంచి అటూ ఇటూ తిప్పి చూసింది. "మా చిన్నకోడలి మనసు బంగారం!" అంటూ మళ్ళీ చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచింది.

అయిపోయింది. ఒక్క పూట కూడా నిలవలేదు సామ్రాజ్యం గొప్ప. ఆ కార్డు చించి పొయ్యిలో వెయ్యాలనిపించింది. పన్ను సలుపు ఊరుకోనిస్తేగా! చెయ్యి చాచి తీసుకుంది.

మర్నాడు పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుంటే పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది కూడా అన్నమ్మే. ఈ మంచితనం కూడా దీనికే ఉండాలా దేవుడా అని సామ్రాజ్యం కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"అంత నొప్పిగా ఉందా అక్కా?" అంటూ అన్నమ్మ ఆ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.