పురుగు తిన్న మనీప్లాంటు

2023 వర్షాకాలం. మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు మీద నేను నర్సరీ పెట్టి అప్పటికి పన్నెండేళ్లు. ఫామ్‌హౌసులకు లాన్లు, పూలకుండీలు ఇవ్వడంతో మొదలుపెట్టి, గిరాకీ అడుగుతుంటే గాజు తొట్లలో మొక్కలు అమర్చడం కూడా నేర్చుకున్నాను. "మంజుల మొక్కకు పురుగు పట్టదు" అని చుట్టుపక్కల నాకు పేరు. ఆ మాట ఎవరన్నా నాలుగు రోజులు నేల మీద నడిచేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం చేవెళ్లలోని ఓ బడి నుంచి సునంద టీచర్ వచ్చింది. సైన్సు చెబుతుంది, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్న దుకాణం నుంచి బడికి ఐదు ఫైర్ బెల్లీడ్ టోడ్లు తెప్పించిందట. ఆకుపచ్చ వీపు, ఎర్రటి పొట్ట ఉండే చిన్న కప్పలవి. సగం పొద్దు నీళ్లలో, సగం పొద్దు గట్టు మీద బతుకుతాయి. వాటిలో రెండు అప్పటికే చచ్చిపోయాయి.

"ఇంకొక్కటి చచ్చినా తొట్టి తీసేస్తనన్నడక్కా మా హెడ్మాస్టర్. పుస్తకంల కప్పను చూసి ఛీ అన్న పిల్లలే ఇప్పుడు వీటికి పేర్లు పెట్టిండ్రు. నేను తొట్టి ఎట్ల తీసెయ్యాలె?" అంది.

ఫోన్లో ఫోటో చూపించింది. అంచుదాకా నీళ్లు, నీలం ఎరుపు రంగుల సన్న గులకరాళ్లు, ప్లాస్టిక్ ఆకులు, నడిమధ్య ప్లాస్టిక్ కోట.

"కప్పకు కోటెందుకు టీచర్? అదేమన్న రాజ్యమేలుతదా?" అన్నాను. పాపం, అంత బాధలోనూ నవ్వింది.

ఆ కప్పలు మేతతోపాటు సన్న రాళ్లు కూడా మింగేస్తాయి. ప్లాస్టిక్ ఆకుల అంచులు వాటి చర్మాన్ని గీరుతాయి. ఎక్కి కూర్చోవడానికి గట్టు లేకపోతే ఈదీ ఈదీ అలసిపోతాయి. "తొట్టి నాకు ఇడిచిపెట్టుండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి" అని మాటిచ్చాను.

ఇలాంటి తొట్టిని మా పనిలో పాలుడేరియం అంటారు, సగం నీరు, సగం నేల. కప్ప నోట్లో పట్టనంత పెద్ద నున్నటి రాళ్లు ఏటవాలుగా పేర్చి, నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోశాను. గట్టు మీద కొబ్బరి పొట్టు పరిచాను. నీళ్లలో నాని నాని తేలడం మానేసిన మొద్దును డ్రిఫ్ట్‌వుడ్ అంటాం, అది వంతెనలా వేశాను. దాక్కోవడానికి సగం పగిలిన మట్టికుండ బోర్లించాను. నీళ్లలో జావా మాస్ అనే నాచు, గట్టు మీద నా నర్సరీలో ఏరి తెచ్చిన మనీప్లాంటు, ఫెర్న్. ఒక్క చిల్లు, ఒక్క మచ్చ లేనివి. ఆకులు మూడుసార్లు కడిగి మరీ పెట్టాను. తొట్టి చూసి నాకే ముద్దొచ్చింది.

పదో రోజు టీచర్ ఫోన్ చేసింది. "అక్కా, ఒకటి తింటలేదు. కాళ్లు సాపుకొని పడుకున్నది."

స్కూటీ వేసుకుని పరుగెత్తాను. చూడగానే నా నోరు ఊరుకోలేదు. "నీళ్లు మార్చిండ్రా లేదా? పిల్లలు చేతులు పెట్టిండ్రా?"

ఆమె కోపం తెచ్చుకోలేదు. "నీళ్లు మార్చిన. ఎవరూ ముట్టలే. కానీ ఒకటి చూసినక్కా. మేతకేసిన కీచురాయి పురుగులల్ల, రాళ్ల దిక్కున్నయి మంచిగనే ఉంటున్నయి. నీ మొక్కల కిందికి పోయినయి ఎల్లెలకల పడి చస్తున్నయి."

మనీప్లాంటు ఆకు ఎత్తి చూశాను. నాలుగు కీచురాళ్లు, కాళ్లు పైకి. ఆకు అంచున చిన్నగా కొరికిన గుర్తు. తల కొట్టేసినట్టయింది నాకు.

మా నర్సరీలో నెలకోసారి కుండీల్లో గుళికలు వేస్తాం. సిస్టమిక్ మందు అది. వేరు దాన్ని పీల్చుకుని ఆకు కొసదాకా పంపుతుంది, కొరికిన పురుగు చస్తుంది. విషం ఆకు లోపల ఉంటే పైపైన ఎన్నిసార్లు కడిగితే ఏం లాభం? కప్ప నీళ్లు తాగేది నోటితో కాదు, చర్మంతో. మొక్కలతో వచ్చిన ఆ కుండీ మట్టిలోనే అది కూర్చుంది, ఆ కీచురాళ్లనే తింది. పన్నెండేళ్లుగా నా చేతి గుణం అనుకున్నది గుళికల గుణం.

"తప్పు నాదే టీచర్" అన్నాను.

ఆమె వంగి కప్పను చూసింది. "ఇది బతుకుతదా?"

"బతికించినంకనే ఈడికెళ్లి పోత. మీ సారుకు జర చెప్పకుండ్రి."

"అబద్ధం చెప్పనక్కా. తొట్టి మారుస్తున్నమని చెప్త" అంది.

మూడింటినీ తడి టిష్యూ పరిచిన డబ్బాలోకి మార్చి, పూటపూటకూ టిష్యూ, నీళ్లు మార్చాం. మట్టి, మొక్కలు, నాచు అన్నీ పారేశాను. మొద్దు ఉడకబెట్టాను, రాళ్లు, గాజు కడిగిందే కడిగాను. ఇక మొక్కలు కావాలి. వందల కుండీలున్న నా నర్సరీలో కప్ప పక్కన పెట్టదగ్గది ఒక్కటి లేదు! తెలిసిన నర్సరీలకు ఫోన్ చేస్తే నవ్వారు. మందు లేని మొక్క ఎక్కడ దొరుకుతుందన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, మొయినాబాద్ దగ్గర హిమాయత్‌నగర్ ఊళ్లో ఉండే బాలమ్మ అవ్వ. నా దగ్గర కూలికి వచ్చేది. వాళ్లింట్లో బట్టలుతికే బండ పక్కన పాత రంగుడబ్బాలో ఒక మనీప్లాంటు ఉండేది. పోయి దాని తీగ అడిగాను.

"నిరుడు నువ్వే గదనే దీన్ని పారెయ్యమన్నవు?" అంది అవ్వ.

"అన్న అవ్వా. బుద్ధి తక్కువై అన్న."

"ఆకుకో చిల్లున్నది బిడ్డా. గొంగడిపురుగులు తింటయి, నత్తలు తింటయి. మందు గిందు నాకేం తెలుసు?"

"గందుకే గావాలె."

అవ్వ నన్ను ఎగాదిగా చూసి, సగం తీగ కోసిచ్చింది. ఈసారి నేను దేన్నీ నమ్మదలుచుకోలేదు. ఆ తీగను పది కీచురాళ్లతో రెండు రోజులు డబ్బాలో ఉంచాను. ఆకుకు ఇంకొన్ని చిల్లులు పెట్టి, పదికి పదీ ఎగురుతున్నాయి. అప్పుడే తీగను, దాని వెనకే కప్పలను తొట్టిలో పెట్టాను.

నాలుగో రోజుకు జబ్బు కప్ప కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆరో రోజు క్లాసులో, హెడ్మాస్టర్ చూస్తుండగా, ఒక్క దుముకు దుమికి కీచురాయిని నోట కరుచుకుంది. పిల్లలు బల్లలెక్కి అరిచారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పడానికి సిగ్గెందుకు!

హెడ్మాస్టర్ మాత్రం ఆకుల వంక చూసి ముఖం చిట్లించాడు. "గంత పెద్ద నర్సరీ పెట్టుకొని, గిసుంటి మొక్కలు దొరికినయా అమ్మా నీకు?"

"మా దగ్గర లేవు సార్. అడుక్కొచ్చిన" అన్నాను.

ఇప్పుడు నర్సరీ వెనక గుళికలు ముట్టని మడి ఒకటి ఉంది. అవ్వ తీగ నుంచే పెంచాను. తొట్లకు ఆ మడిలోవే ఇస్తాను. గిరాకీ చిల్లులు చూపించి వెనకాడితే నేను చెప్పేది ఒకటే. "ఈ ఆకు తిన్న పురుగులన్నీ బతికే ఉన్నయి. తీస్కపోండ్రి."