నెమ్మదక్క తెరిచిన ఫోల్డర్లు

"అక్కా, పాప పాత పరీక్షలు పోయినట్టేనా?"

అడిగినవాడు ఆ వినికిడి ఆసుపత్రిలో పరికరాలు చూసుకునే కుర్రాడు. ఫిజిక్స్ చదివాడు, ఏడాదిన్నర పాపకు తండ్రి. ఆ ఉదయం పాపకు కొత్త పరీక్ష చేశారు. పాతవాటితో పోల్చితేగాని వినికిడి తగ్గుతోందో నిలకడగా ఉందో చెప్పలేనంది డాక్టరమ్మ. పాత సర్వర్ పాడైతే, బ్యాకప్‌ను కొత్త యూనిక్స్ సర్వర్లోకి అతనే దించాడు. పరీక్షలు చూపించే ప్రోగ్రామ్‌లో ఏది నొక్కినా 'అనుమతి లేదు' అంటోంది.

జవాబు చెప్పాల్సినావిడ తాపీగా గోరువెచ్చని నీళ్లు తాగుతోంది. ఆసుపత్రి కంప్యూటర్లన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి. అందరూ నెమ్మదక్క అంటారు. "మా ఆవిణ్ణి పొద్దున టీ అడిగితే రాత్రి భోజనానికి వస్తుంది" అంటాడు వాళ్లాయన. "చల్లారి రాదుగా!" అంటుందావిడ.

ఆ నెమ్మది పుట్టుకతో వచ్చింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో తొందరపెడితే, ఒక్క ఆదేశంతో సర్వర్లోని ఫైళ్లన్నిటికీ యజమాని ఖాతాను మార్చేసింది. ఆఖరికి తనే లోపలికి వెళ్లలేకపోయింది. అప్పట్నుంచి ఆదేశం టైపు చేశాక చేతులు ఒళ్లో పెట్టుకుని, మరోసారి చదివాకే ఎంటర్ నొక్కుతుంది.

"ఎక్కడికీ పోలేదురా. నువ్వేమైనా కెలికావా?"

"తెరుచుకుంటాయేమోనని అన్నిటికీ చదివే అనుమతి ఒక్కటే ఉంచాను. ఇప్పుడు ఫోల్డర్లోకే వెళ్లనివ్వట్లేదు."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఫోల్డర్‌కి గడప దాటనిచ్చే అనుమతి వేరే ఉంటుంది. అది తీసేశావు."

"పోనీ, అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేస్తే?"

"తాళంచెవి కనబడలేదని తలుపులు పీకేస్తావా? పిల్లల రిపోర్టులు దారినపోయే ప్రతివాడూ చదవాలా?"

ఆవిడ యజమానుల పేర్లు కాకుండా నంబర్లు కనిపించేలా జాబితా తెరిచింది. "ఫైలు మీద యజమాని పేరుండదు, ఖాతా నంబరే ఉంటుంది. బ్యాకప్‌లో ఈ నంబరు వచ్చింది. పాత సర్వర్లో ఇది పరీక్షల ప్రోగ్రామ్‌ది. కొత్తదాంట్లో నువ్వు ఖాతాలు వేరే వరసలో పెట్టావు, నంబర్లు మారిపోయాయి. ఇప్పుడీ నంబరు ఎవరిదో చూడు."

"ప్రింటర్ ఖాతాదా!"

"పాపం, పిల్లలందరికీ అదే కాపలా కాస్తోంది."

అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ పాప ఫోల్డర్ ఒక్కటే పక్కకు కాపీ చేసి, యజమానిని సరిచేసి, గడప దాటే అనుమతి ఫోల్డర్లకు మాత్రం ఇచ్చింది. ప్రోగ్రామ్‌లో నొక్కింది. తెరుచుకుంది. అప్పుడు మిగతా వాటికి ఆదేశం టైపు చేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఆలోగా డాక్టరమ్మ తెర మీద పాత పరీక్ష గీత పైన కొత్త పరీక్ష గీత వేసింది. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

"ఏమీ తగ్గలేదు బాబూ. నిలకడగానే ఉంది."

అతను వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. "ఏమైందండీ? డాక్టరమ్మ ఏమంది?" అని భార్య కంగారుపడింది. "ఏం కాలేదు... పాప బాగానే ఉంది" అనేసరికి అతని కళ్లు తడిశాయి.

ఇదివరకు పాప నిద్రపోకపోతే దుప్పటి, దీపం, ఫ్యాను, జోలపాట అన్నీ ఒకేసారి మార్చేసేవాడు. ఇప్పుడు ముందు దీపం ఒక్కటే తగ్గించి చూస్తున్నాడు. ఆ రోజు వెళ్లబోతుంటే నెమ్మదక్క గ్లాసు కింద పెట్టి అన్న మాట ఇది:

"ముందు ఒక్కదాని మీద చేసి చూడు నాయనా. మిగతావి ఎక్కడికీ పారిపోవు."