స్పెయిన్ చూసి రమ్మన్నారు

నన్నే ఎందుకు పంపాలి? మొదటి రోజు నుంచీ అందరినీ ఇదే అడిగాను. ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

మేడ్చల్ దాటి అత్వెల్లి వైపు వెళ్తుంటే హైవే పక్కన కనిపించే నూలు మిల్లు మాది. మాది అంటే సేటుదే. మేం అందులో పనిచేసినవాళ్లం. నేను నూలు చిలపలు చుట్టే రీలింగు సెక్షన్, మా ఆయన నూలు వడికే రింగ్ ఫ్రేమ్. మిల్లు మూతపడి చాన్నాళ్లయింది గానీ దాని వెనక వరసగా ఉన్న లైన్ ఇళ్లలో మేం ఇంకా కాపురాలు చేస్తూనే ఉన్నాం. పెద్ద సేటు పోయాక ఆ ఇళ్ల మీద ఆయన కొడుకు చిన్న సేటు కన్ను పడింది.

ఒక ఆదివారం వచ్చి, కుర్చీ వేస్తే వద్దని, మా అరుగు మీదే కూర్చున్నాడు. నాకు అనుమానం అక్కడే మొదలైంది. స్పెయిన్ దేశంలో ఇలాంటిదే పాత మిల్లు ఊరు ఒకటుందట. మిల్లు, చిమ్నీ, పనివాళ్ల ఇళ్లు అన్నీ చెక్కుచెదరకుండా నిలబెట్టి లోకానికి చూపిస్తున్నారట. మనదీ అలా చేద్దామన్నాడు. మేమంతా షామీర్‌పేట పక్కన అలియాబాద్‌లో ఆయన కట్టించే ఫ్లాట్లకు మారిపోవాలట. మిల్లు మ్యూజియం అయ్యాక అందులో పనులు కూడా మాకేనట.

"నమ్మకం లేకుంటే మీల ఒకరిని నేనే తీస్కపోత. మీ కండ్లతోని చూసొచ్చి మీరే జెప్పుండ్రి" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. మా లైన్లో నాది అనుమానం మనిషని పేరు. పాలవాడు నవ్వుతూ పాలు పోస్తే, వీడెందుకు నవ్వాడని గిన్నెలోకి తొంగిచూసే రకం నేను. మిల్లు నడిచినన్నాళ్లూ మా తరఫున మాట్లాడిన యూనియన్ పెద్దమనిషి మీసం దువ్వుకుంటూ, "గీమె పోతె మనకు ఫికర్ లేదు. గీమెను మోసం జేసెటోడు ఇంక పుట్టలే" అన్నాడు. అది పొగడ్తో తిట్టో నాకు ఇప్పటికీ తెలీదు. నేను చూసొచ్చి సరే అంటే ఇళ్లు ఖాళీ చేస్తాం, వద్దంటే కదలం అని అందరూ మాట అనుకున్నారు.

మా మిల్లులో ఒక కట్టుబాటు ఉండేది. యాజమాన్యంతో మాట్లాడ్డానికి పోయినవాళ్లు ఆఫీసులో చాయ్ కూడా ముట్టకూడదు. ముట్టినవాళ్ల మాట బయటికొచ్చాక చెల్లదు. సమ్మె రోజుల్లో ఒకాయన ఎండకు తాళలేక లోపల గ్లాసుడు మజ్జిగ తాగొచ్చి, ఆ తర్వాత ఎన్నాళ్లో ఎవరి ఇంటికీ పిలుపు లేకుండా బతికాడు.

"మరి విమానంల ఏం జేస్తవే?" అని మా ఆయన అడిగాడు.

"నా సద్ది నాకున్నది" అన్నాను. జొన్నరొట్టెలు, సకినాలు, పల్లిపొడి, చింతకాయ తొక్కు మూట కట్టుకున్నాను. టికెట్టు ఆయనది, తిండి నాది.

మాతోపాటు భాష తెలిసిన అమ్మాయి ఒకతె వచ్చింది. కోస్తా నుంచి వచ్చి కండ్లకోయ దగ్గర కొత్త కాలనీలో ఉంటున్నవాళ్ల పిల్ల. మంచిదే, ఆంటీ ఆంటీ అంటూ నా సంచీ కూడా మోసింది. కానీ జీతం ఇచ్చేది సేటు కదా! ఆ నోటి వెంట వచ్చే ప్రతి మాటనీ జల్లెడ పట్టాల్సిందేనని గట్టిగా అనుకున్నాను.

బార్సిలోనాలో దిగి, నది వెంట కొండల్లోకి పోతే ఆ ఊరు వచ్చింది. ఎర్ర ఇటుకల చిమ్నీ, నది నీళ్లను మళ్లించిన కాలువ, నాలుగంతస్తుల మిల్లు, చర్చి, బడి, వరస ఇళ్లు. అన్నిటికంటే ఎత్తున బురుజులాంటి మేడ ఒకటి. అది ఎవరిదని నేను అడగలేదు. అంత ఎత్తు నుంచి ఎవరు ఎవరిని చూడాలనుకుంటారో మిల్లులో పనిచేసినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

అందంగా లేదని అనను. లోపల నేల తుడిచినట్టుంది, యంత్రాలు నూనె పెట్టి దువ్వినట్టున్నాయి. అదే నాకు నచ్చలేదు. ఎన్నో ఏళ్లు నూలు వడికిన మిల్లులో ఒక్క పత్తి నుసి కనపడదా? పనివాళ్ల ఇల్లు ఒకటి చూపించారు. మంచం మీద దుప్పటి ముడత లేదు. పొయ్యికి మసి లేదు. తీగ మీద చొక్కా ఒకటి ఆరేశారు, అది ఎప్పటికీ ఎండే ఉంటుంది. ఈ ఇంట్లో గంజి కాచినవాళ్లు ఏమైపోయారు?

"గీ ఇండ్లల్ల ఉన్నోళ్లు ఇప్పుడు యాడున్నరో గాయన్ను అడుగు బిడ్డా" అన్నాను.

ఊరు చూపిస్తున్నాయన చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పాడు. అమ్మాయి చిన్న సేటు వైపు ఒకసారి చూసి, "అందరూ టౌన్లో బాగా స్థిరపడ్డారంట ఆంటీ" అంది.

"గాయన గంతసేపు జెప్పిండు, నీకు గింతే వినొచ్చిందా?"

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. ఇంతలో ఆయన మమ్మల్ని మళ్లీ మిల్లులోకి తీసుకుపోయి, పాత యంత్రం ఒకటి మాకోసం నడిపించాడు. హోరు మొదలైంది. ఆ హోరు చెవినపడగానే నా వేళ్లు వాటంతటవే పోగు వెతుక్కున్నాయి. అబద్ధం లేనిది ఆ ఊళ్లో అదొక్కటే అనిపించింది.

గోడవారన బల్ల మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. మనిషి సన్నం, చేతులు మాత్రం పెద్దవి. నా వైపు చూసి, రెండు వేళ్లతో తెగిన పోగు అతికినట్టు చేసి, కనుబొమ్మలెగరేసింది. నువ్వూ మిల్లేనా అని! యంత్రాల మధ్య మాట వినపడదు కాబట్టి మిల్లు ఆడవాళ్లం ఎక్కడైనా చేతులతోనే మాట్లాడతాం. నేను చిలప చుట్టినట్టు చెయ్యి తిప్పి చూపించాను. పకపకా నవ్వింది. తర్వాత ఆ మసిలేని పొయ్యి ఉన్న ఇంటివైపు చెయ్యి చాపి, చెంప కింద అరచెయ్యి పెట్టుకుంది. అక్కడ పడుకునేదాన్ని అని. ఆ వెంటనే కోటు మీద అంటించిన కాగితాన్ని వేలితో తట్టింది. మాకు ద్వారం దగ్గర అంటించిన టికెట్టే అది.

యంత్రం ఆగాక అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. "నీ తల్లిమీద ఒట్టు, ఉన్నదున్నట్టు జెప్పు."

పాపం, ఆ పిల్ల ముసలావిడతో మాట్లాడి, గొంతు తగ్గించి చెప్పింది. "ఆవిడ ఆ ఇంట్లోనే పుట్టారంట ఆంటీ. మ్యూజియం చేస్తామని ఖాళీ చేయించారంట. పని ఇస్తామన్నారంట గానీ, నాలుగు భాషలు వచ్చినవాళ్లకే ఇచ్చారంట. లోపలికి రావాలంటే ఇప్పుడు ఆవిడా టికెట్ కొనాల్సిందేనంట."

ఆవిడ నా ముఖం చూసి ఏమనుకుందో, నన్ను బయటికి తీసుకుపోయి, సంచీలోంచి ఫ్లాస్కు తీసి, మూతలో కాఫీ పోసి ఇచ్చింది. చేదు విషం. నవ్వుతూనే తాగాను. ఇది సేటు ఆఫీసు చాయ్ కాదు కదా, నాలాంటి మిల్లు మనిషి ఇంట్లో కాచుకొచ్చినది. ఎందుకిచ్చిందని అనుమానించకుండా నేను పుచ్చుకున్నది ఆ ప్రయాణంలో అదొక్కటే. అప్పుడే చిన్న సేటు మా పక్కకొచ్చి, నవ్వుతూ ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. తీసుకుంటే తీసుకోనీ అనుకున్నాను.

ఆ ఫొటో నాకంటే ముందే మేడ్చల్ చేరింది. లైన్ వాళ్లందరి ఫోన్లలో ఉంది: వెనక మేడ, పక్కన సేటు, నా చేతిలో కాఫీ, నా ముఖాన నవ్వు. ముసలమ్మ మాత్రం ఫొటోలో లేదు. నేను ఆటో దిగితే ఒక్కరూ ఎదురు రాలేదు.

సాయంత్రం మిల్లు గేటు దగ్గర అందరూ కూడారు. చూసిందంతా చెప్పాను. మసిలేని పొయ్యి, ముసలమ్మ, టికెట్టు, ఏదీ వదల్లేదు. "సచ్చినా ఇండ్లు ఇడువొద్దు" అని మొత్తుకున్నాను.

యూనియన్ పెద్దమనిషి ఫోన్ నా ముందు పెట్టి, "ముందుగాల గిది జెప్పు. గా కాఫీ ఎవలిది?" అన్నాడు.

"గా ముసలమ్మదే అంటున్న గదా!"

"భాష రాని దేశంల, ఎవలో ముసలమ్మ నీకెందుకు పోస్తది?"

నేనే అడగాల్సిన ప్రశ్న అది. వెనక నుంచి ఎవరో ఆడమనిషి, "గీమె ఒద్దంటాందంటె ఒద్దనుమని సేటే జెప్పి పంపిండు కావొచ్చు. మనం ఒద్దంటె ఫ్లాట్లు ఎగ్గొట్టి ఇండ్లు ఊకెనే గుంజుకుంటడు" అంది. ఆ మాట గుంపులోకి నిప్పులా పాకింది. సేటు మాట మార్చకముందే జల్దీ ఒప్పుకోవాలని ఒకరు, రేపే పోదామని ఇంకొకరు. నేను అరిచాను, తిట్టాను, చివరికి ఏడ్చాను. ఏడ్చినందుకు అనుమానం ఇంకా పెరిగింది. అలియాబాద్ పోవడానికే అందరూ చేతులెత్తారు.

ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూలబడ్డాను. గుంపులో ఒక్క మాట మాట్లాడని మా ఆయన మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చున్నాడు. నా వీపు నిమిరాడు. ఒక్కరన్నా మిగిలారనుకున్నాను.

లైన్లో ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరకు వంగాడు.

"పోనియ్యే, వాళ్లకు జెప్పకుంటె జెప్పకు. నాకన్న జెప్పు. మనకు ఏ ఫ్లోర్ ఇస్తనన్నడు?"