శ్రావణ్ లాగిన్ తీసేసిన వేళ

నా పరువు నేనే చేతులారా తీసుకుని, పెద్ద తెర మీద అందరికీ చూపించిన కథ ఇది. తీరిగ్గా కూర్చుని నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

కరీంనగర్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. నలుగురున్న టీముకు నన్ను స్క్రమ్ మాస్టర్‌ని చేసి, మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. రెండు వారాల పనిని ముందే పంచుకోవాలి, రోజూ పొద్దున నిలబడి ఎవరెంత చేశారో చెప్పుకోవాలి. దాన్ని నడిపించడమే నా పని. నాకు మాత్రం పోలీసు ఉద్యోగం వచ్చినట్టే ఉండేది.

నా అనుమానమంతా టీములోని మందమర్రి శ్రావణ్ మీద. ప్లానింగ్‌లో అందరూ మూడు రోజులు చాలన్న పనికి అతను వారం కావాలన్నాడు. పైగా రోజూ మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని మెట్ల మీదికి పోయేవాడు. ఓ రోజు చాటుగా విన్నాను.

"శుక్రవారం దాకా ఆగుండ్రి సార్, అటెన్క మీ దగ్గర్కే వస్త" అంటున్నాడు.

ఇంకేముంది, వేరే కంపెనీకి పోతున్నాడని తేల్చేశాను. ఆ శుక్రవారమే బోథ్ పత్తి మిల్లు సేటుకు మా తూకం యాప్ డెమో. అది చెడితే నా ఉద్యోగం గంగలో కలిసినట్టే. పోతూ పోతూ కోడ్ కూడా పట్టుకుపోతాడేమోనని, గురువారం సాయంత్రం ఎవరికీ చెప్పకుండా, నాకున్న అధికారంతో అతని లాగిన్ తీసేసి హాయిగా చాయ్ తాగాను.

మర్నాడు శ్రావణ్ బస్టాండుకు పోయి సేటును వెంటబెట్టుకుని నేరుగా డెమోకే వచ్చాడు. బటన్ నొక్కాడు. యాప్ తెరుచుకోలేదు. "ఈ ఖాతా తొలగించబడింది. తొలగించిన వారు:" అని తెర నిండా వచ్చింది. కింద ఇంటిపేరుతో సహా నా పేరు.

సేటు నా వైపు తిరిగాడు. "మా కాంటకాడ పత్తి తూచినప్పుడు తేమకు ఎంత కోస్తమో గీయన దినాం ఫోన్ చేసి అడిగి రాసుకున్నడు. డెమో అయినంక మిల్లుకొచ్చి యాప్ పెట్టిస్తనన్నడు. నువ్వెందుకు ఆపినవ్?"

సిగ్గుతో చచ్చిపోయాను. శ్రావణ్ మాత్రం మెల్లగా, "అన్నా, డౌటుంటే నన్నే అడగొద్దా?" అన్నాడు.

మూడు నెలలు నిండాక పై వాళ్లు మాట తప్పలేదు, స్క్రమ్ మాస్టర్‌ని ఖాయం చేశారు. శ్రావణ్‌ని.

జన్మలో ఇంకెవరి లాగిన్ ముట్టనని ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. దాన్ని తప్పే వీలు కూడా లేదు. కొత్త స్క్రమ్ మాస్టర్ చేసిన మొదటి పని, నా లాగిన్‌లోంచి ఆ అధికారం తీసేయడం.