చావింటి కేకు

వేరుశెనగ చేల మధ్య, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మా ఊళ్లో ఎవరు పోయినా, పాస్టరు కంటే ముందు లూడీన్ అనే ఆవిడ చేసిన కేకు ఆ ఇంటికి చేరుతుంది. చాక్లెట్ కేకుపొడి ప్యాకెట్టు చింపి, గుడ్లూ నూనె కలిపి, వెచ్చచేసిన పీనట్ బటర్ పైన పోసి, కత్తిమొనతో సుడులు తిప్పుతుంది. ఆ తిప్పడం ఇంకెవరికీ రాదంటుంది. పళ్లెం పోకుండా అడుగున పేరు రాసిన పట్టీ అంటిస్తుంది. చావింటి వంటగదిలో మిగతావాళ్ల గిన్నెలు వెనక్కి తోసి, తన పళ్లెం ముందుకు జరిపి, ఎవరు ముక్క వదిలేస్తారో చూస్తూ నిలబడుతుంది.

మొన్న హోయ్ట్ గుండె ఆగి పోయాడు. అతని భార్య ఆర్వెల్లా ముందు లూడీన్ పెద్ద ముక్క పెట్టింది.

"వద్దు లూడీన్. వేరుశెనగ తగిలితే చాలు, ఆయనకి గొంతు వాచిపోయేది. పెళ్లయిన రోజు నుంచీ నేనూ ముట్టలేదు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు తలలు దించుకున్నారు.

"అయ్యో పిచ్చితల్లీ! ఇంకేం భయం? ఇప్పుడు హాయిగా తినొచ్చుగా!" అంటూ లూడీన్ ఫోర్కు చేతిలో పెట్టింది.

ఆర్వెల్లా పళ్లెం దగ్గరికి లాక్కుంది. కాస్త తుంచి నోట్లో పెట్టుకుంది. మింగలేక, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది.

ఆదివారం చర్చి మెట్ల మీద లూడీన్ కనబడినవాళ్లనల్లా ఆపి చెప్పింది: "ఆర్వెల్లా నా కేకు తిని కళ్లనీళ్లు పెట్టేసుకుంది. ఈసారి అంత బాగా కుదిరింది!"