నల్ల తలుపు మీద రెండు మెరుపులు

నా చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదిలో ఇంగ్లీషు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. మందు సీసా మీది చీటీ అయినా, కరెంటు ఆఫీసు కాగితమైనా నా చేతికే వచ్చేది. ఆరో తరగతి పిల్ల చెప్పిన మాటకు పెద్దవాళ్లు తలలూపడం చూసి, చదవడమూ తెలుసుకోవడమూ ఒకటేనని నేను నమ్మాను. ఆ నమ్మకాన్ని మా పెద్దమ్మ ఒక మధ్యాహ్నం ఎంతో మృదువుగా సరిదిద్దింది.

హోసూరు నుంచి కెలమంగలం వెళ్లే దారిలో మా పెద్దనాయనకు కార్లకు రంగు వేసే షెడ్డు ఉండేది. రంగు కొట్టడం ఆయన పని. ఆరిన రంగును మెరిపించడం పెద్దమ్మ పని. కాంపౌండు అనే తెల్లని ముద్దను గుడ్డకు రాసుకొని గంటల తరబడి చేత్తోనే రుద్దేది. మెరుపు చాలిందో లేదో తేల్చుకోవడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. వంగి, రంగులో తన ముఖం చూసుకునేది. ముక్కుపుడకలోని ఎర్రరాయి చెదరకుండా చుక్కలా కనిపిస్తేనే గుడ్డ కింద పెట్టేది.

ఏళ్ల తరబడి అలా రుద్ది రుద్ది ఆమె కుడి భుజం పట్టేసింది. చేయి తల దాకా లేవక, సాయంత్రాలు ఆమె జడ నేనే వేసేదాన్ని. మరునాటికి ఇవ్వవలసిన నల్లకారు ఒకటి షెడ్డులో ఉండగానే, ఇక చేత్తో రుద్దే పని వద్దని పెద్దనాయన పాలిష్ మిషను కొనడానికి నిశ్చయించాడు.

అంగడాయన రెండు మిషన్లు తెచ్చి, నచ్చినది ఉంచుకోమన్నాడు. ఒకటి బరువైనది, దాని ఉన్ని బిళ్ల ఒకే చోట గిర్రున తిరుగుతుంది. రెండోది తేలిక, దాని స్పాంజి బిళ్ల తిరుగుతూనే అటూ ఇటూ కొద్దిగా ఊగుతుంది. పెద్దనాయన వాటి కాగితాలు రెండూ నా చేతిలో పెట్టాడు. నిజం చెప్పాలంటే వాటిలో అంకెలు తప్ప నాకేమీ అర్థం కాలేదు. అంకె పెద్దదైతే మిషనూ మేలైనదే అయి ఉంటుందని, ఏమాత్రం తడబడకుండా బరువైనదాన్ని చూపించాను.

"మా ఇంటి కలెక్టరమ్మ చెప్పేసిందప్పా, ఇంక నేను మాట్లాడేదేముంది" అని నవ్వుతూ పెద్దనాయన జేబులో చేయి పెట్టాడు.

పెద్దమ్మ ఆయనను ఆపింది. నా మాటను మాత్రం కాదనలేదు. మూలనున్న పాత నల్ల కారుతలుపును బల్ల మీద పెట్టించి, నడిమికి కాగితపు టేపు అతికించి, ఒక్కో సగాన్ని ఒక్కో మిషనుతో మెరిపించమని పెద్దనాయనకు చెప్పింది. బరువైనది అంగడాయన టీ తాగే లోపలే పని ముగించింది. తేలికదానికి చాలాసేపు పట్టింది. చూస్తూ చూస్తూ నేను విసిగిపోయాను. చివరికి రెండు సగాల్లోనూ ముక్కుపుడక చుక్కలా మెరిసింది. నేనే గెలిచానని అనుకున్నాను.

అప్పుడామె ఆ తలుపును సబ్బు నీళ్లతో కడగమని నాతో చెప్పింది. కాంపౌండులో ఉండే నూనె, రంగు మీద పడ్డ గీతలను కప్పిపెడుతుందని నాకు అప్పటికి తెలియదు. కడిగి, తుడిచి, పెద్దనాయన సాయంతో తలుపును ఎండలోకి తెచ్చాను. తేలిక మిషను నడిచిన సగం అలాగే తేటగా ఉంది. నేను ఎంచినది నడిచిన సగంలో సాలెగూటి పోగుల వంటి సన్నని గీతలు చుట్టలు చుట్టలుగా లేచాయి. అంచు దగ్గర నలుపు పోయి, అడుగు రంగు కూడా కనిపించింది.

చేయి కుదిరితే గీతలు పడవని అంగడాయన అన్నాడు. అది నిజమేనని పెద్దనాయన కూడా ఒప్పుకున్నాడు. పెద్దమ్మ ఆ బరువైన మిషనును తానే పట్టుకొని ఆడించి చూసింది. అది ఆమె చేతిని ఒక పక్కకు లాగేసింది. నొప్పికి ఆమె పెదవి కొరుక్కోవడం నేను చూశాను. నా మాటే నెగ్గితే ఆమె పగలంతా దానితో పెనుగులాడి, ఆ గీతలు పోవడానికి మళ్లీ చేత్తోనే రుద్దవలసి వచ్చేదని అప్పుడు తెలిసింది.

ఆమె మిషను కింద పెట్టి నా వైపు తిరిగింది. "ఇందాక చదివింది చెప్పినావు పాపా. ఇప్పుడు చూసింది చెప్పు. నువ్వు ఏది చెప్తే అదే కొంటాము."

తన పనిముట్టును తానే ఎంచుకోగలదు. నన్ను ఒక్క మాటతో పక్కకు తప్పించగలదు. అయినా ఆ తీర్పును తిరిగి నాకే ఇచ్చింది.

"నేను తప్పు చెప్పినాను పెద్దమ్మా. ఆ చిన్నదే తీసుకుందాము."

ఎవరూ నవ్వలేదు. అంగడాయన బరువైనదాన్ని పెట్టెలో సర్దుకున్నాడు. కలెక్టరమ్మ ఆర్డరు మార్చినారని, అట్లాగే కానిమ్మని పెద్దనాయన తేలికదాన్ని లోపలికి తీసుకుపోయాడు. పెద్దమ్మ ఆ సాయంత్రానికే నల్లకారు పని మొదలుపెట్టింది.

తరువాత మా వంశంలో మొదటి డిగ్రీ నాదే అయింది. ఇప్పుడు కృష్ణగిరిలో మా ఇంటికి బ్యాంకు కాగితాలు, ఆస్పత్రి కాగితాలు పట్టుకొని వచ్చి, చదివి ఒక మాట చెప్పమని అడిగేవారున్నారు. నేను చెప్పినదానికి వారు వెంటనే తలూపుతారు. ఆ తల ఊపు చూస్తే నాకు ఇప్పటికీ భయం. అందుకే వారు చూసిన నాలుగు సంగతులు వారి చేతనే చెప్పించుకొని గానీ నోరు తెరవను. ఎప్పుడైనా పొరబడితే వారి ఇంటి గడప దాకా వెళ్లి, నేను తప్పు చెప్పానని చెప్పి వస్తాను. ఆ మాట పలకడం ఈ వయసులోనూ సులువు కాలేదు. కానీ నన్ను నమ్మినవారి ముందు దానిని పలికినందువల్ల నేను చిన్నదాన్ని అయిపోనని పదకొండో ఏటనే తెలుసుకున్నాను.